స్పోర్ట్ సెడానా, వ్యాగనా? నడిపే సరదా పోకుండా ఇంటి అవసరాలూ తీరాలి

రెండోలేన్ అడిగినది:

ఇప్పుడు నడుపుతున్నది ముందు చక్రాలకు పవర్ వెళ్లే మామూలు ఫ్యామిలీ సెడాన్. ఏ కంప్లయింటూ లేదు, కానీ నడుపుతుంటే నిద్రొస్తుంది. ఈసారి స్టీరింగ్ పట్టుకుంటే కాస్త హుషారు పుట్టే కారు తీసుకోవాలని, లగ్జరీ బ్రాండ్లలో మొదటి మెట్టు మీదుండే స్పోర్ట్ సెడాన్లు చూస్తున్నాను. బీఎండబ్ల్యూ 330ఐ, మెర్సిడెస్ సీ300, ఆడి ఏ5, వోల్వో ఎస్60, ఆల్ఫా రోమియో జూలియా. కొత్తదే కావాలని పట్టు లేదు, రెండు మూడేళ్లు వాడినదైనా పర్వాలేదు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, జూలియాకి తప్ప వీటన్నిటికీ వ్యాగన్ (కప్పు వెనకదాకా సాగి, వెనక తలుపు అద్దంతో సహా పైకి లేచే రకం) కూడా ఉంది. ఇంట్లో నలుగురం. చిన్నదానికి ఏడాదిన్నర, వెనక్కి తిరిగి కూర్చునే చైల్డ్ సీటు, పెద్ద స్ట్రాలర్, పెద్దోడి సైకిల్, అప్పుడప్పుడు అమ్మానాన్నలు కూడా వస్తారు. వ్యాగన్ అయితే బాగుంటుందని మనసు లాగుతోంది కానీ బ్రోషర్ చూస్తే 3 సిరీస్ (330ఐ ఆ వరసలోదే) సెడాన్ డిక్కీ 480 లీటర్లు, అదే కారు వ్యాగన్ (వాళ్లు టూరింగ్ అంటారు) డిక్కీ 500 లీటర్లు. ఇరవై లీటర్ల కోసం ఎవరైనా ఎక్కువ డబ్బు పోసి వ్యాగన్ కొంటారా? పైగా వ్యాగన్ నడపడానికి మొద్దుగా ఉంటుందని ఒకరు, తేడా ఏమీ తెలియదని ఇంకొకరు అంటున్నారు.

ఎస్‌యూవీ కొనుక్కో, గొడవ వదిలిపోతుంది అని ఇంట్లోనూ ఆఫీసులోనూ ఇప్పటికే చాలామంది చెప్పారు. ఆ సలహా మాత్రం వద్దు, దణ్ణం పెడతాను.

టర్బో_తాతయ్య:

ముందు ఆ ఇరవై లీటర్ల లెక్క సరిచేద్దాం. యూరప్ కంపెనీలు డిక్కీని కొలిచే పద్ధతి ఏంటంటే, ఒక్కోటి ఒక లీటరు ఉండే దిమ్మలు, అంటే 20 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 5 మందం ఉన్నవి, ఎన్ని పడతాయో పేర్చి చూస్తారు. వ్యాగన్‌కి చెప్పే 500 లీటర్లు సామాను మీద కప్పే ఆ ముడుచుకునే పరదా దగ్గరికే. దాని పైనుంచి కప్పు దాకా ఉన్న ఖాళీ ఆ అంకెలో లేదు. సీట్లు మడిచి కప్పు దాకా కొలిస్తే 3 టూరింగ్ 1510 లీటర్లు, సీ క్లాస్ ఎస్టేట్ (మెర్సిడెస్ వాళ్లు వ్యాగన్ని అలా పిలుస్తారు) కూడా 1510 లీటర్లు. సెడాన్లో వెనక సీటు మడిచినా డిక్కీకీ క్యాబిన్‌కీ మధ్య ఇరుకు దారి మాత్రమే దొరుకుతుంది, పొడుగు కర్ర దూరుతుంది కానీ సైకిల్ దూరడం కష్టం.

రెండోది, ఇదే అసలు సంగతి, డిక్కీ నోరు. సెడాన్ డిక్కీ లోపల ఎంత లోతున్నా సామాను వెళ్లాల్సింది ఆ మూత కింద ఉన్న సందులోంచే. మీ స్ట్రాలర్ లోపల పట్టినా నోట్లోంచి వెళ్లకపోవచ్చు. చక్రాలు ఊడదీసి, తిప్పి, మళ్లీ తిప్పి, వానలో నిలబడి ఆ పని చేసి చూడండి, 480 అన్న అంకె మీద నమ్మకం పోతుంది. చాలా సెడాన్లలో మూత మోసే కొక్కీ చేతులు కూడా మూసేటప్పుడు సామాను మీదికే దిగుతాయి.

వ్యాగన్‌కి ఇబ్బందులు లేవని కాదు. వెనక చక్రాల దగ్గర పుట్టే రోడ్డు శబ్దం నేరుగా క్యాబిన్లోకి వస్తుంది, ఎందుకంటే డిక్కీకీ మీకూ మధ్య గోడలాంటిది ఏమీ లేదు. వెనక అద్దం త్వరగా మురికి పడుతుంది, గాలి కప్పు చివర విడిపోయి సుడి తిరిగి దుమ్మునీ నీళ్లనీ అద్దం మీదికి లాగుతుంది, అందుకే వ్యాగన్లకి వెనక వైపర్ ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, పరదా ఎత్తు దాటి సామాను నింపితే సీట్ల వెనక వల కట్టాల్సిందే. గట్టి బ్రేకు వేస్తే వెనకున్న పెట్టె మీ పిల్లల తలల మీదుగా ముందుకి వస్తుంది. 3 టూరింగ్‌లో నాకు బాగా నచ్చింది, వెనక అద్దం ఒక్కటే విడిగా తెరుచుకోవడం. చిన్న సంచి పడేయడానికి మొత్తం తలుపు ఎత్తక్కర్లేదు.

మలుపుల_పిచ్చి:

తాతయ్య చెప్పింది కాదనను, కానీ అడిగినాయన మొదటి మాట "నిద్రొస్తుంది" కదా, ఆ సంగతి ఎవరూ పట్టించుకోరేం?

నడపడం ఒక్కటే లెక్కయితే జూలియా. ఇంజను ముందు భాగంలో నిలువుగా ఉంటుంది, పవర్ వెనక చక్రాలకి, బరువు ముందూ వెనకా దాదాపు సగం సగం, ఇంజను శక్తిని వెనక చక్రాలకి చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్ట్ కార్బన్ ఫైబర్‌తో చేశారు, స్టీరింగ్ ఎంత చురుగ్గా ఉంటుందంటే మొదటి రోజు మీరు అవసరానికి మించి తిప్పేస్తారు. లోపల స్క్రీన్లూ స్విచ్చులూ జర్మన్ కార్లంత ఖరీదుగా అనిపించవు, అది ఒప్పుకోవాలి. వెనక సీటు కూడా విశాలం ఏమీ కాదు. మీకు దగ్గర్లో మంచి సర్వీసు లేకపోతే దాని జోలికి వెళ్లకండి, ఎంత బాగా నడిచినా సరే.

వ్యాగన్ మొద్దా అంటే, లెక్కలో కాదు. 330ఐ సెడాన్ 100 కి.మీ. వేగం అందుకోవడానికి 5.8 సెకన్లు, టూరింగ్ 5.9. బరువు 60 నుంచి 80 కిలోలు ఎక్కువ, అంటే వెనక ఒక మనిషి కూర్చున్నట్టు. ఆ బరువు వెనక, కొంచెం ఎత్తున ఉంటుంది కాబట్టి వరసగా మలుపులు వచ్చే దారిలో గట్టిగా నడిపితే వెనక భాగం ఒక్క క్షణం ఆలస్యంగా తిరిగినట్టు తెలుస్తుంది. పిల్లల్ని ఎక్కించుకుని అలా నడపరు కదా. నడపకూడదు కూడా.

బాడీ కంటే పెద్ద తేడా రెండు చోట్ల ఉంది. ఒకటి, పవర్ ఏ చక్రాలకి వెళ్తుంది. 3 సిరీస్, సీ క్లాస్, జూలియా పుట్టుకతోనే వెనక చక్రాల కార్లు. ఏ5 మామూలు మోడళ్లలో పవర్ ముందు చక్రాలకి, ఇంజను ముందు ఇరుసు దాటి ముందుకి వేలాడుతుంది, క్వాత్రో (నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లేది) తీసుకుంటే పట్టు బాగుంటుంది కానీ ముక్కు బరువు ఎక్కడికీ పోదు. వోల్వోలో ఇంజను అడ్డంగా ఉంటుంది, సీట్లు అద్భుతం, ప్రయాణం హాయి, స్పోర్ట్ అన్న మాట మాత్రం బ్యాడ్జీలోనే. 2020 నుంచి వాళ్ల కొత్త కార్లన్నిటికీ గరిష్ఠ వేగం 180కే కట్టేశారు, మీకు అది పెద్ద విషయం కాకపోవచ్చు. ఇంకో మాట, ఇంకా తక్కువలో వస్తున్నాయి కదా అని ఇవే కంపెనీల చిన్న కార్లు సీఎల్ఏ, ఏ3, 2 సిరీస్ గ్రాన్ కూపే వైపు చూడకండి. బ్యాడ్జీ ఒకటే అయినా అవి అడ్డ ఇంజను, ముందు చక్రాల తరహా కార్లు, మీరిప్పుడు నడుపుతున్న దానికి ఖరీదైన చుట్టాలు.

రెండోది టైర్లు, సస్పెన్షన్. ఒకే 330ఐని 18 అంగుళాల చక్రాలూ అడాప్టివ్ డ్యాంపర్లతో (దారిని బట్టి మెత్తగా, గట్టిగా మారే షాక్ అబ్జార్బర్లు) ఒకసారి, 19 అంగుళాల చక్రాలూ రన్‌ఫ్లాట్ టైర్లూ గట్టి స్పోర్ట్ సస్పెన్షన్‌తో ఒకసారి నడిపితే రెండు వేరే కార్లు అనుకుంటారు. రన్‌ఫ్లాట్ పక్క గోడలు గట్టిగా ఉంటాయి, పంక్చరయినా నెమ్మదిగా, గంటకి 80 మించకుండా, ఇంకో 80 కిలోమీటర్లు వెళ్లొచ్చు కానీ ప్రతి గతుకూ నడుముకి చెప్తుంది. మామూలు టైర్లు వేయించుకుంటే మెత్తబడుతుంది కానీ స్టెప్నీ ఉండదు, గాలి కొట్టే కిట్టు డిక్కీలో పెట్టుకోవాలి.

నిశ్శబ్దం:

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (ఇంజనుతో పాటు ఛార్జింగ్ పెట్టుకునే బ్యాటరీ, మోటారు ఉండేవి, ఈ కార్లలో పేరు చివర ఈ అని ఉంటుంది) గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చిన్న మాట. బ్యాటరీ డిక్కీ కిందే కూర్చుంటుంది. సీ300ఈ సెడాన్‌లో 315 లీటర్లే మిగులుతుంది, ఎస్టేట్‌లో 360. అంటే పేరుకి వ్యాగన్ కొని మామూలు సీ300 సెడాన్ (455) కంటే చిన్న డిక్కీతో ఇంటికొస్తారు. 330ఈ సెడాన్ 375, టూరింగ్ 410. బండి బరువు కూడా బాగా పెరుగుతుంది. రోజూ ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకుని దగ్గర దూరాలే తిరిగేవాళ్లకి లాభం, సీ300ఈ ఛార్జింగ్ మీదే వంద కిలోమీటర్ల దరిదాపులకి వెళ్తుంది. స్ట్రాలర్ కోసం కారు వెతికేవాళ్లకి కాదు.

రెండోలేన్:

చాలా థ్యాంక్స్ అందరికీ, లీటర్ల సంగతి ఇలా ఎవరూ చెప్పలేదు. హైబ్రిడ్ ఆలోచన తీసేశాను. జూలియా మనసులో ఉంది కానీ చైల్డ్ సీటు గుర్తొస్తే భయమేస్తోంది.

ఇంకో ఇబ్బంది, నాన్నకి టూరింగ్ ఫొటో చూపిస్తే "అంబులెన్స్‌లా ఉందిరా" అన్నారు. మా ఆవిడ పైకి ఏమీ అనలేదు కానీ ఆ ఫొటోని ఎక్కువసేపు చూడనూ లేదు. చూడ్డానికి సెడాన్‌లా, వెనక తలుపు మాత్రం వ్యాగన్‌లా తెరుచుకునేది ఏమైనా ఉందా, లేక అత్యాశా?

వెనకసీటు:

అత్యాశ కాదన్నా, దానికి లిఫ్ట్‌బ్యాక్ అని పేరు. మీ లిస్టులోనే ఒకటుంది. 2024లో ఏ4 స్థానంలో వచ్చిన కొత్త ఏ5ని ఆడి సెడాన్ అనే పిలుస్తుంది కానీ వెనక మూత అద్దంతో సహా పైకి లేస్తుంది. డిక్కీ 445 లీటర్లు. అదే కారు అవాంట్ (వాళ్ల వ్యాగన్) 476. బీఎండబ్ల్యూలో 4 సిరీస్ గ్రాన్ కూపే, 470 లీటర్లు, దీనికీ తలుపు మొత్తం లేస్తుంది. డిక్కీ నోరు సమస్య చాలావరకు తీరిపోతుంది.

కానీ కప్పు వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి గ్రాన్ కూపేలో వెనక తలకి చోటు తక్కువ. పొడుగు మనిషి అయితే మెడ వంచాలి. పిల్లని సీటులో కూర్చోబెట్టేటప్పుడు మీరు నడుము వంచి తల లోపల పెట్టాలి కదా, రోజూ అది తగులుకుంటుంది. అమ్మానాన్నలు ఎక్కడానికీ దిగడానికీ 3 సిరీస్ తలుపే నయం. మీ ఇంటి లెక్కకి ఏ5 లిఫ్ట్‌బ్యాక్ సరిపోవచ్చు, గ్రాన్ కూపే కష్టం.

ఇంకోటి, ఈ తరగతి కార్లలో వెనక మధ్య సీటు ఉన్నట్టు లెక్కేసుకోకండి. వెనక చక్రాలకి వెళ్లే షాఫ్ట్ కోసం నేల మధ్యలో పెద్ద దిబ్బ ఉంటుంది. చైల్డ్ సీటు, దాని పక్కన పెద్దోడు, ముందు మీరిద్దరూ, మీ ఆవిడ రాకపోతేనే అమ్మానాన్నల్లో ఒకరికి చోటు, అదీ ముందు సీట్లో. అందరూ కలిసి వెళ్లాలంటే మీరెంత వద్దన్నా వేరే రకం బండి కావాల్సిందే, లేదా రెండు బళ్లు.

టర్బో_తాతయ్య:

అంబులెన్స్ అన్న పెద్దాయనకి ఈ కథ చెప్పండి. అసలు 3 సిరీస్ వ్యాగన్ కంపెనీ ప్లానులోనే లేదు. మాక్స్ రైస్‌బాక్ అని అక్కడే పనిచేసే ఇంజనీరు, భార్యాపిల్లలతో సెలవులకి వెళ్తే సామాను పట్టడం లేదని, 1984లో గుద్దుకుని పాడైన సెడాన్ ఒకటి కొని స్నేహితుడి గ్యారేజీలో కప్పు కోసి, వెల్డింగ్ చేసి తనే వ్యాగన్ కట్టుకున్నాడు. అది చూసి పైవాళ్లకి నచ్చి 1987లో కంపెనీయే అమ్మకానికి తెచ్చింది. అంటే మీ సమస్యే ఆయన సమస్య. 2022లో ఏకంగా ఎం3కే (3 సిరీస్‌లో అన్నిటికంటే వేగమైనది) టూరింగ్ తీసుకొచ్చారు, అది మన బడ్జెట్లో లేదు కాబట్టి ఫొటో చూసి వదిలేద్దాం.

చూడ్డానికి వెళ్లేటప్పుడు చైల్డ్ సీటు, స్ట్రాలర్ తీసుకెళ్లండి. అమ్మే అబ్బాయి మొహం చిట్లించినా పర్లేదు. వెనక్కి తిరిగే సీటు బిగించాక ముందు సీట్లో మీరు కూర్చోగలరా, మోకాళ్లు డ్యాష్‌బోర్డుకి తగులుతున్నాయా చూడండి. చాలామంది అవునా కాదా తేల్చుకునేది అక్కడే. వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 3 సిరీస్‌కి 2851 మిల్లీమీటర్లు, సీ క్లాస్‌కి 2865, చదివితే ఒకేలా ఉంటాయి, సీటు బిగిస్తే తేడా తెలుస్తుంది. సైకిల్ కప్పు మీద పెడదామనుకుంటే కప్పు ఎంత బరువు మోస్తుందో పుస్తకంలో చూసుకోండి, ఈ తరగతిలో చాలావాటికి స్టాండు బరువుతో కలిపి 75 నుంచి 100 కిలోలే.

రెండోలేన్:

రైస్‌బాక్ కథ మా ఆవిడకి చదివి వినిపించాను, నవ్వింది, ఫొటో మళ్లీ తీసి చూసింది. ఈ వారాంతం 330ఐ టూరింగ్, ఏ5 లిఫ్ట్‌బ్యాక్ రెండూ నడుపుతున్నాం, స్ట్రాలర్ వెంట తీసుకెళ్తున్నాం. ఏ5 ముందు చక్రాలదా క్వాత్రోనా?

మలుపుల_పిచ్చి:

క్వాత్రోనే, అది దొరక్కపోతే టూరింగ్ ఒక్కటే నడిపి రండి, ముందు చక్రాల ఏ5 కొంటే మళ్లీ నిద్రొస్తుంది. టూరింగ్‌లో అడాప్టివ్ సస్పెన్షన్, 18 అంగుళాల చక్రాలు ఉన్న బండి అడగండి, షోరూంలో ముందు వరసలో నిలబెట్టేది ఎప్పుడూ 19 వేసిన ఎం స్పోర్టే (గట్టి సస్పెన్షన్ ఉండే స్పోర్ట్ ప్యాకేజీ). దాన్ని గతుకుల దారిలో నడిపి 3 సిరీస్ అంటేనే గట్టి అని తీర్మానించుకుని రాకండి.