చిన్న గదిని విడిచి పెద్ద మండపానికి వెళ్లవచ్చునా?

ప్రశ్న (అమలాపురం నుంచి):

మా ఊళ్లో నెలకొక కచేరీ జరిపే చిన్న సంగీత సభకు నేను కార్యదర్శిని. కాలువ గట్టు పక్కనున్న పాత ధాన్యపు కొట్టులో చాపలు పరిచి, మహా అయితే తొంభై మందిని కూర్చోబెట్టగలం. కచేరీలను కల్యాణ మండపానికి మార్చాలని ఈ ఏడాది సర్వసభ్య సమావేశంలో కొందరు ప్రతిపాదించారు. ఏసీ ఉంటుందని, అయిదు వందల మంది పడతారని, దాతల పేర్లు పెద్ద ఫ్లెక్సీ మీద వేయవచ్చునని వారి వాదన. నాకు మనసొప్పడం లేదు, కానీ ఆ మాట ఒక్కటే చెబితే సమావేశంలో నిలబడదు. న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ అనే జాజ్ (అమెరికాలో పుట్టి, చాలావరకు అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే సంగీతం) క్లబ్బు 1935 నుంచి ఒకే నేలమాళిగలో నడుస్తోందని చదివాను. అంత చిన్న చోటు ఇంతకాలం ఎలా నిలిచిందో తెలిసినవారు దయచేసి వివరించండి.

జవాబు (రాజమహేంద్రవరం నుంచి):

కార్యదర్శి గారూ, ఆ క్లబ్బు గురించి నేను శ్రద్ధగా చదివాను, దాని రికార్డింగులు చాలా ఏళ్లుగా వింటున్నాను. మూడడుగులు తవ్వితే నీరూరే మన డెల్టాలో నేలమాళిగను ఊహించుకోవడం కష్టమే గాని, అక్కడ వీధిలోంచి సన్నటి మెట్లు దిగితే త్రికోణాకారపు గది వస్తుంది. అందులో 123 మందికి మాత్రమే చోటుంది. వంటగదే కళాకారుల విశ్రాంతి గది, యజమాని ఆఫీసు కూడా అదే. ఆ గది నాదానికి ఎంత అనుకూలమంటే, శాక్సఫోన్ విద్వాంసులు సోనీ రోలిన్స్ 1957లోనూ జాన్ కోల్ట్రేన్ 1961లోనూ అక్కడే తమ కచేరీలను రికార్డు చేయించుకున్నారు. 1961 జూన్ 25, ఆదివారం నాడు పియానో విద్వాంసుడు బిల్ ఎవాన్స్ తన ఇద్దరు సహవాద్యకారులతో చేసిన కచేరీ రికార్డింగులో గ్లాసుల చప్పుడు, ఎవరో మాట్లాడుకుంటున్న గొంతులు కూడా వినిపిస్తాయి. వారిలో బాస్ (మంద్రస్వరాలు పలికే పెద్ద తంత్రీవాద్యం) వాయించిన స్కాట్ లఫారో ఆ తరువాత పదకొండు రోజులకే కారు ప్రమాదంలో మరణించాడు. ఆ ముగ్గురూ కలిసి పలికించిన నాదం ఆ గది గాలితో సహా మనకు మిగిలింది. ఇది విన్న ప్రతిసారీ నా గొంతు పూడుకుపోతుంది.

జవాబు (భీమవరం నుంచి):

పై మిత్రులు చెప్పినదంతా నిజమే అయినా, చిన్న గది కాబట్టే క్లబ్బు నిలిచిందని సభ్యులకు చెబితే అది సగం చరిత్రే అవుతుంది. స్థాపకుడు మాక్స్ గోర్డన్ మొదట కవులను, జానపద గాయకులను, హాస్య నటులను పిలిచేవాడు. 1957లో పూర్తిగా జాజ్‌కు మళ్లాడు. 1989లో ఆయన పోయాక భార్య లొరెయిన్, 2018లో ఆమె పోయాక కుమార్తె డెబోరా బాధ్యత తీసుకున్నారు. మూడుసార్లూ ఆ మెట్లు దిగి రోజూ తలుపు తీసే మనిషి ఒకరు దొరికారన్నది నా దృష్టిలో అసలు విషయం. రెండోది, సోమవారం. పగలంతా స్టూడియోల్లో జీవనోపాధి కోసం వాయించే వాద్యకారులతో ట్రంపెట్ వాద్యకారుడు థాడ్ జోన్స్, డ్రమ్స్ వాయించే మెల్ లూయిస్ కలిసి 1966 ఫిబ్రవరిలో ఒక పెద్ద బృందం కచేరీలను అక్కడ సోమవారాల్లో మొదలుపెట్టారు. నాయకులిద్దరూ గతించినా, కోవిడ్ కాలంలో తలుపులు మూసిన నెలలు పోను, ఆ సోమవారాలు ఇప్పటికీ సాగుతున్నాయి. మీ సభకు అలాంటి తప్పని రోజు ఉన్నదా? ముందు అది చూసుకోండి.

జవాబు (పాలకొల్లు నుంచి):

మా ఊరి బిడ్డ మాండొలిన్ శ్రీనివాస్ గారు 1983లో, పద్నాలుగేళ్ల వయసులో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కర్ణాటక సంగీతం వాయించి అక్కడి శ్రోతలను ఆశ్చర్యపరిచారు. మామూలు మాండొలిన్‌పై నాదం త్వరగా ఆరిపోతుంది, గమకం (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం) నిలవదు. అందుకే ఆయన జంట తంత్రులు తీసేసి, ఒంటి తంత్రుల విద్యుత్ వాద్యాన్ని చేపట్టారు. ఇంత శ్రమపడి నిలబెట్టిన గమకాన్ని టైల్సు గోడలు, నున్నని నేల ఉన్న మండపంలో పెద్ద స్పీకర్ల ద్వారా వదిలితే, ప్రతిధ్వని ఒక స్వరాన్ని మరో స్వరంలో కలిపేస్తుంది. మీ కొట్టులోని చాపలు, మనుషులు, మట్టి గోడలు ఆ ప్రతిధ్వనిని పీల్చుకుంటాయి. సమావేశంలో చెప్పదగిన కారణం ఇది. వీలైతే రెండు చోట్లా ఒకే కళాకారుని ఆలాపనను వినిపించండి, సభ్యులకు చెవులున్నాయి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ నమస్కారాలు. భీమవరం వారు అడిగిన తప్పని రోజు మాకు లేదు. దాతల వీలును బట్టి తేదీ మారుతోంది, ఆ లోపం నాదే. ప్రతి నెలా రెండో శనివారం అని నిర్ణయించమని కోరుతూ రేపే లేఖ రాస్తాను. వచ్చే నెల వీణ కచేరీకి ముందు, కళాకారిణి అంగీకరిస్తే, మండపంలో పావుగంట, కొట్టులో పావుగంట వాయించమని అడిగి, ఆ తరువాతే సభ్యులను చేతులెత్తమంటాను.