ఎస్.పి. రోడ్డులో పాత డెస్క్‌టాప్ కొనవచ్చా?
బెంగళూరులో పదో తరగతి చదివే మా అమ్మాయికి తక్కువ ధరలో కంప్యూటర్ కావాలి. ఇక్కడి కంప్యూటర్ దుకాణాల వీధి ఎస్.పి. రోడ్డులో ఒకాయన, ఆఫీసులు వదిలించుకున్న డెస్క్‌టాప్‌కు కొత్త ఎస్‌ఎస్‌డి (ఫైళ్లు దాచే వేగవంతమైన డ్రైవ్), 8 జీబీ ర్యామ్ వేసిస్తానంటున్నారు. పెట్టె విప్పిస్తే మదర్‌బోర్డు మీద రెండు కెపాసిటర్ల (కరెంటును నిలకడగా ఉంచే చిన్న భాగాలు) తలలు ఉబ్బి కనిపించాయి, అది పాడవుతున్నదానికి గుర్తు. "ఏమీ కాదు సార్" అన్నారు గానీ నాకు నమ్మకం కుదరలేదు. పైగా అందులో ఉన్నది ఇంటెల్ 6వ తరం ప్రాసెసర్. విండోస్ 11 అధికారికంగా దానికి రాదు, విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్‌తో చదువు, తెలుగు టైపింగ్ సాఫీగా సాగుతాయా? లేక విడిభాగాలు కొని కొత్తది అసెంబుల్ చేయించడమే మేలా?

ఇంకొకటి. ఇంట్లో వెనక డబ్బాలా ఉండే పాత గాజు తెర (సీఆర్‌టీ) మానిటర్ ఉంది, ఆ గాజులో సీసం ఉంటుంది. పాత సామాన్లవాళ్లు పగలగొట్టి రాగి తీసుకుని మిగతాది పారేస్తారని ఇవ్వబుద్ధి కావడం లేదు. అనుమతి ఉన్న రీసైక్లర్లు ఒక్క మానిటర్ కోసం ఇంటికి వస్తారా?