మెథోట్రెక్సేట్ మన సుబ్బారావు గారిదా, ఫార్బర్‌దా?

గోదారోడు: అందరికీ నమస్తే. మా అన్నయ్య కూతురికి ఏఎల్ఎల్, అంటే లుకేమియాలో ఒక రకం, రక్త క్యాన్సర్, పెద్ద కీమోలన్నీ అయిపోయి ఇప్పుడు జబ్బు తిరగబెట్టకుండా మెయింటెనెన్స్ నడుస్తోంది, రోజూ రాత్రి 6-ఎంపీ అనే కీమో బిళ్ళ, వారానికోసారి మెథోట్రెక్సేట్ బిళ్ళలు. మొన్న మా బాబాయ్ వచ్చి ఈ మందు కనిపెట్టింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారేరా అన్నాడు, నెట్‌లో చూస్తే ఎక్కడ చూసినా అమెరికా డాక్టర్ సిడ్నీ ఫార్బర్ పేరే, కీమోథెరపీ పితామహుడు అని కూడా రాశారు. అసలు ఎవరిది? ఇంకోటి, పాపకి నీరసంగా ఉందని మా అమ్మ ఫోలిక్ యాసిడ్ బిళ్ళలు వేద్దామంటోంది, బలానికే కదా, వెయ్యొచ్చా?

ల్యాబ్ మాస్టారు: ముందు ఆ బిళ్ళల సంగతి. డాక్టర్ని అడక్కుండా వెయ్యకండి. కణం రెండుగా చీలాలంటే కొత్త డీఎన్ఏ కావాలి, దానికి ఫోలేట్, అంటే ఫోలిక్ యాసిడ్ జాతి విటమిన్ కావాలి, మెథోట్రెక్సేట్ అచ్చం ఫోలిక్ యాసిడ్‌లా ఉండి దాన్ని వాడుకునే ఎంజైమ్‌లో దూరి కూర్చుంటుంది, అంటే మీరు ఒక చేత్తో మందు ఇస్తూ రెండో చేత్తో దానికి విరుగుడు ఇచ్చినట్టు అవుతుంది. కీళ్లవాతానికి ఇదే మందు తక్కువ డోసులో వాడేవాళ్ళకి డాక్టర్లే ఫోలిక్ యాసిడ్ రాస్తారు, అది చూసి మనకీ పర్లేదు అనుకోవద్దు.

కథ కూడా సరిగ్గా అక్కడే మొదలైంది. సుబ్బారావు గారు హార్వర్డ్‌లో పర్మనెంట్ పోస్టు రాక 1940లో లెడర్లే అనే మందుల కంపెనీకి వెళ్ళారు, ఆయన టీమ్ 1945లో ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబ్‌లో తయారుచేసింది. బోస్టన్‌లో ఫార్బర్ ఆ జాతి మందుల్నే లుకేమియా పిల్లలకి ఇచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా ఇంకా ఊపందుకున్నట్టు కనిపించింది. మరి ఫోలేట్ అందకుండా చేస్తే? లెడర్లే నుంచి ఫోలేట్‌కి అడ్డుపడే ఎమినోప్టెరిన్ అనే మందు వచ్చింది, 1947 డిసెంబర్ చివర్లో మొదలుపెట్టారు, 1948 జూన్‌లో ఫార్బర్ పరిశోధన పేపర్ వచ్చింది, 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనపడింది. మెథోట్రెక్సేట్ దానికి తమ్ముడు.

పక్కా ఆంధ్రా: ఇంకేం కావాలండీ, మందు మనోడిది, ఫార్బర్ ఇచ్చాడంతే! ఆ పేపర్ వచ్చిన ఏడాదే ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు, ఉండుంటే నోబెల్ వచ్చేది. ఫైలేరియాకి వాడే హెట్రజాన్ కూడా ఆయన ల్యాబ్‌దే, మనవాళ్ళలో సగం మందికి ఆ సంగతే తెలీదు.

ఒహాయో వదిన: బ్రో, ఇచ్చాడంతే అంటే ఎలా? ఫార్బర్ పిల్లల ఆసుపత్రిలో పెథాలజిస్టు, అంటే ల్యాబ్‌లో జబ్బుల్ని పరీక్షించే డాక్టర్, అప్పట్లో లుకేమియా అంటే వారాలో నెలలో, అంతే, ఆ పిల్లల్ని సూదులతో బాధపెట్టకండి ప్రశాంతంగా పోనివ్వండి అనే డాక్టర్లే చుట్టూ ఉండేవాళ్ళు. వాళ్ళ మధ్య నిలబడి ఆ పని చెయ్యడం చిన్న విషయం కాదు. పైగా పేపర్ టైటిల్‌లోనే తాత్కాలికం అని రాశాడు, జబ్బు మళ్ళీ తిరగబెట్టేది, నయం కావడం అనేది తర్వాత చాలా మంది నాలుగైదు మందులు కలిపి వాడటం నేర్చుకున్నాకే. మీ పాప వేసుకునే 6-ఎంపీ గెర్‌ట్రూడ్ ఎలియన్, హిచింగ్స్‌లది, వాళ్ళకి 1988లో నోబెల్ వచ్చింది. లెడర్లేలో కూడా ఎమినోప్టెరిన్‌ని చేత్తో తయారుచేసిన కెమిస్టులు వేరే, సుబ్బారావు గారు వాళ్ళని నడిపించిన పెద్ద. ఫోలేట్ కథలో ఇంకా వెనక్కి పోతే 1920ల చివర్లో బొంబాయిలో లూసీ విల్స్ అనే డాక్టర్ గర్భిణుల రక్తహీనతకి మార్మైట్ అనే ఈస్ట్ ముద్ద పెట్టి చూడటం దగ్గరికి పోవాలి, ఆమె పేరు ఎవరూ ఎత్తరేం?

ల్యాబ్ మాస్టారు: వదిన గారితో ఏకీభవిస్తా. నన్నడిగితే సుబ్బారావు గారి అసలు గొప్ప ఇంకోచోట ఉంది, ఫాస్ఫరస్ కొలిచే ఫిస్కే-సుబ్బారో పద్ధతి, 1925 నాటిది, ట్యూబ్‌లో నీలం రంగు తేలుతుంది, ఎంత ముదురు నీలమైతే అంత ఫాస్ఫరస్, మా పిల్లలతో ఇప్పటికీ చేయిస్తాం. క్యాన్సర్ గొడవలో పడి దాన్ని ఎవరూ పట్టించుకోరు.

గోదారోడు గారూ, ఒక్కటి గుర్తుపెట్టుకోండి, మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే. పొరపాటున రోజూ వేస్తే మూలుగ దెబ్బతిని ప్రాణం మీదకి వస్తుంది. ఏ రోజు వెయ్యాలో క్యాలెండర్‌లో గుండ్రంగా చుట్టి, వేశాక టిక్కు పెట్టండి, ఇంట్లో ఒక్కరే ఇవ్వాలి.

గోదారోడు: థాంక్స్ అండి అందరికీ. అన్నయ్య ఫోన్ చేసి అడిగితే డాక్టర్ గారు కూడా ఫోలిక్ యాసిడ్ వద్దన్నారు, నీరసానికి ముందు రక్తకణాల కౌంట్స్ చూద్దాం, అవసరమైతే డోసు మారుస్తాం అన్నారట. మందు మా వదినే ఇస్తోంది. బాబాయ్‌కి ఫార్బర్ గురించి చెప్పా గానీ ఒప్పుకోలేదు, మందు లేకపోతే ఆయనేం ఇచ్చేవాడ్రా అంటున్నాడు 😀