రాయగడకు కొత్తగా వచ్చాను, వీధి చీటీలో చేరవచ్చునా?

ప్రశ్న (రాయగడ): బొబ్బిలి నుంచి బదిలీపై ఒడిశాలోని ఈ ఊరికి వచ్చి రెండు నెలలయింది. మా వీధిలో మనవారే ఒకరు నడిపే చీటీలో నెలకు 5,000 రూపాయలు కట్టమంటున్నారు. చేరవచ్చునా? పెద్దలు చెప్పగలరు.

గుణుపురం నుంచి: చీటీ సంగతి తరువాత, ముందు ఆ "మనవారే" అన్న మాట చూడండి. 2012లో ఒక డిపాజిట్ కంపెనీలో నా చేత సొమ్ము కట్టించినవాడూ మనవాడే, మా ఇంటి పెళ్లిలో వడ్డనకు నిలిచినవాడు. నెలనెలా వడ్డీ ఇంటికే తెచ్చి ఇస్తుండడంతో, కొత్తగా చేరినవారి సొమ్మే మాకు వడ్డీగా వస్తున్నదన్న అనుమానం రాలేదు. 2013 ఏప్రిల్‌లో బెంగాల్‌లో ఇలాగే జనం దగ్గర డిపాజిట్లు వసూలు చేసిన శారదా కంపెనీ కూలగానే ఇక్కడ కొత్తగా కట్టేవారు ఆగిపోయారు, నెల తిరగకుండానే ఆఫీసుకు తాళం పడింది. ఆ తరువాత ఇలాంటి కంపెనీల మీద ఒడిశా ప్రభుత్వం వేసిన విచారణ కమిషన్‌కు అఫిడవిట్ ఇవ్వబోతే, రసీదు మీద ఒడియాలో రాసిన నా ఇంటిపేరూ గుర్తింపు కార్డులోని పేరూ ఒకటి కాదని మూడుసార్లు తిప్పి పంపారు.

బరంపురం నుంచి: వారు అడిగింది చీటీ గురించి, మీరు చెప్పింది డిపాజిట్ కంపెనీ గురించి. 1982 నాటి చిట్ ఫండ్ చట్టం కింద ప్రభుత్వ అనుమతి పొంది రిజిస్టరైన చీటీ చట్టబద్ధమే, నిర్వాహకుడి కమిషన్ 7 శాతం మించరాదు. కాగితం చూపమనండి, నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. మిగిలిన సొమ్ము బ్యాంకులో వేయండి, లక్ష వరకు బీమా ఉంది.

పర్లాకిమిడి నుంచి: లక్ష అన్నది 1993 నాటి మాట. 2020 ఫిబ్రవరి 4 నుంచి 5 లక్షలు, అదీ అసలూ వడ్డీ కలిపి, ఒకే బ్యాంకులోని అన్ని శాఖల ఖాతాలూ కలిపి. 1960లో కేరళలో పాలయ్ సెంట్రల్ బ్యాంకు మూతపడ్డాక, 1962లో 1,500 రూపాయల పరిమితితో ఈ బీమా మొదలైంది. అంతకు ముందు ఏ దిక్కూ లేదు. మన ఊళ్లు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1906 అక్టోబరులో, దొరల కంపెనీ కదా అని జనం సొమ్ము దాచుకున్న మద్రాసులోని ఆర్బత్‌నాట్ బ్యాంకు దివాలా తీసింది. దాన్ని నడిపిన జార్జ్ ఆర్బత్‌నాట్‌కు 18 నెలల జైలు పడింది. ఆ దెబ్బతోనే మరుసటి ఏడాది స్వదేశీయుల సొంత బ్యాంకుగా ఇండియన్ బ్యాంకు పుట్టింది.

బరంపురం నుంచి: 5 లక్షలే, ఒప్పుకుంటున్నాను. అయితే ప్రాథమిక సహకార సంఘాల్లో వేసిన సొమ్ముకు ఆ బీమా వర్తించదు, అది కూడా చెప్పవలసింది.

రాయగడ నుంచి: రిజిస్ట్రేషన్ కాగితం అడిగాను. "మన వాళ్లలో కాగితాలేమిటండీ" అన్నారు. ఈ నెల కట్టలేదు.