అప్‌డేట్: రెండు ముద్దలకే కడుపు నొప్పి అంటున్న మా పాప

మా ఐదేళ్ల పాప రెండు ముద్దలు తినగానే బొడ్డు దగ్గర పట్టుకుని ఏడుస్తోందని, నులిపురుగులేమోనని నెలన్నర క్రితం అడిగాను కదా. అత్తయ్య దిష్టి కూడా తీశారు.

మొత్తానికి పిల్లల డాక్టర్‌కు చూపించాం. ఆయన పొట్ట ఎడమవైపు కింద నొక్కి, నా చేత కూడా నొక్కించారు. గట్టిగా ఉండలు తగిలాయి. మలబద్ధకమట! "రోజూ వెళ్తోందండీ" అన్నాను. మేక పెంటికల్లా కొంచెం కొంచెం వెళ్తే వెళ్లినట్టు కాదన్నారు. అన్నం పొట్టలో పడగానే పెద్దపేగు కదులుతుంది, అక్కడ మలం గట్టిపడి ఉంటే సరిగ్గా అప్పుడే నొప్పి.

నోటిపూత, గొంతు కూడా చూశారు, ఏమీ లేదు. బరువు తగ్గడం, మలంలో రక్తం, ఆకుపచ్చ వాంతులు, నిద్రలోంచి లేపే నొప్పి ఉంటే మాత్రం పరీక్షలు రాసేవారట.

రోజుకు నాలుగు గ్లాసుల పాలు తాగేది, రెండుకు తగ్గించాం. మలం మెత్తబడేందుకు ఆయన చెప్పిన మోతాదులో లాక్టులోజ్ సిరప్ ఇస్తున్నాం. భోజనం అయ్యాక పది నిమిషాలు కాళ్ల కింద పీట వేసి టాయిలెట్‌లో కూర్చోబెడుతున్నాం. మొదటి వారం తేడా లేక నాకు ఒకటే టెన్షన్. మూడో వారం పప్పన్నం మారు అడిగింది! తగ్గిందని సిరప్ మనంతట మనం ఆపకూడదట, నెలల తరబడి వాడాల్సి రావచ్చన్నారు.