రామప్ప పాఠం: లక్ష్యం ఏ స్థాయి కిందికి వస్తది?

ప్రశ్న (హన్మకొండ): సార్లూ, కాకతీయుల పాఠ్యపథకం రాస్తున్న. 'రామప్ప గుడి నిర్మాణాన్ని వివరిస్తారు' అన్న లక్ష్యం బ్లూమ్ వర్గీకరణలో (పిల్లల నేర్చుకోవడాన్ని స్థాయిలుగా విడగొట్టే పద్ధతి) జ్ఞాపకం స్థాయా, అవగాహన స్థాయా?

జవాబు: క్రియాపదం ఒక్కటే చూసి తేల్చొద్దు సార్. నోట్సులో ఉన్నదే అప్పజెప్తే ఎంత 'వివరించినా' జ్ఞాపకమే. ఇసుక పునాది ఎందుకు వేశారో సొంత మాటల్లో చెబితే అవగాహన. రామప్పది ఒకటే గర్భాలయం, వేయిస్తంభాల గుడి త్రికూటం, అంటే మూడు గర్భాలయాలది. రెండు ప్లానులూ ఇచ్చి తేడాలను వాళ్లతోనే పట్టించండి, విశ్లేషణ అవుతది. ఆ తేడాలు ముందే బోర్డు మీద రాసేస్తే మళ్లీ జ్ఞాపకమే!

జవాబు: పాత గైడ్లతో జాగ్రత్త మేడం, సార్. 1956 నాటి బ్లూమ్ వర్గీకరణలో అన్నిటికంటే పైన మూల్యాంకనం. 2001 సవరణలో సృజన.

జవాబు: 'తెలుసుకుంటారు' అని మాత్రం రాయకండి, కొలవలేం. ముందు పరీక్ష ప్రశ్న రాసుకొని, దానికి సరిపోయేలా లక్ష్యం రాయండి. పీరియడ్‌కు రెండు చాలు.