వెబ్ టెక్నాలజీస్ ల్యాబ్‌లో ఇంకా ఫ్రేములేనా? సిలబస్ మారకుండా ఏం మార్చొచ్చు?

ల్యాబ్_మేడమ్ (ప్రశ్న)

బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాదికి వెబ్ టెక్నాలజీస్ ల్యాబ్ చూస్తున్నాను. వారానికి 3 గంటలు. మిడ్‌లు, సెలవులు పోను చేతికొచ్చేవి 12 వారాలు. మొదటి ప్రయోగం మీకందరికీ తెలిసిందే: ఆన్‌లైన్ పుస్తకాల షాపు, హోమ్ పేజీలో మూడు ఫ్రేములు, అంటే ఒకే తెరని ముక్కలు చేసి ఒక్కో ముక్కలో ఒక్కో పేజీ చూపించడం. పైన లోగో, కాలేజీ పేరు, ఎడమవైపు సీఎస్‌ఈ, ఈసీఈ, ట్రిపుల్‌ఈ, సివిల్ లింకులు, కుడివైపు మిగతాది. ఆ ముక్కలు చేసే ఫ్రేమ్‌సెట్ ట్యాగుని హెచ్‌టీఎంఎల్5 తీసేసిందని థియరీ క్లాసులో చెప్పి, ల్యాబ్ రికార్డులో మళ్లీ దాన్నే రాయిస్తున్నాం. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ప్రయోగాల పట్టిక చూసే అడుగుతారు, సిలబస్ నా చేతిలో లేదు. ఈ 12 వారాల్లోనే ఇప్పటి ప్రమాణాల ప్రకారం నేర్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? పిల్లలేమో నేరుగా రియాక్ట్ (పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) చెప్పమంటున్నారు.

పిక్సెల్_పంతులు

మేడమ్, సిలబస్ కన్నా పెద్ద అడ్డం మార్కులు వేసే తీరు. తెరమీద పేజీ కనబడి, స్క్రీన్‌షాట్ రికార్డులో అంటిస్తే 10కి 9 పడిపోతాయి. సీ ప్రోగ్రాంలో సెమికోలన్ మరిస్తే కంపైలర్ ఊరుకోదు. హెచ్‌టీఎంఎల్‌లో ఎన్ని తప్పులున్నా బ్రౌజర్ సర్దుకుపోయి ఏదో ఒకటి చూపిస్తుంది, అందుకే తప్పు ఎవరి కంటా పడదు. ఆ కంపైలర్ స్థానంలో వ్యాలిడేటర్‌ని, అంటే హెచ్‌టీఎంఎల్ తప్పులు పట్టి చూపే చెకర్‌ని కూర్చోబెట్టండి.

మొదటి వారం ఒక గంట డాక్‌టైప్‌కే, అంటే ఫైల్ మొట్టమొదట రాసే ‘ఇది హెచ్‌టీఎంఎల్’ అన్న లైనుకే ఇవ్వండి. ఆ లైను లేకపోతే బ్రౌజర్ క్విర్క్స్ మోడ్‌లోకి, అంటే పాతకాలం పేజీల కోసం అట్టిపెట్టిన పద్ధతిలోకి వెళ్లిపోతుంది. ఎఫ్12 నొక్కించి కన్సోల్‌లో డాక్యుమెంట్.కంపాట్‌మోడ్ అని కొట్టించండి. బ్యాక్‌కంపాట్ అని వస్తే పాత మోడ్, సీఎస్‌ఎస్1కంపాట్ అని వస్తే సరైన మోడ్. ఇప్పుడు డాక్‌టైప్ లేని పేజీలో ఒక డివ్‌కి స్టైల్‌లో విడ్త్ 200 అని, పీఎక్స్ లేకుండా రాయించండి. పనిచేస్తుంది. డాక్‌టైప్ చేర్చి రిఫ్రెష్ కొడితే ఆ డివ్ పేజీ వెడల్పంతా పరుచుకుంటుంది. బాడీకి ఇచ్చిన ఫాంట్ సైజు టేబుల్‌లోకి దిగకపోవడం కూడా ఆ పాత మోడ్ చలవే. ‘డాక్‌టైప్ పెడితే పేజీ చెడిపోయింది సార్’ అంటూ దాన్ని తీసేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. ముందు నుంచీ చెడి ఉన్నది తమ విడ్త్ లైనేనని ఇలా చూపిస్తే తెలుస్తుంది.

ఫ్రేముల ప్రయోగం మానక్కర్లేదు. పట్టిక అడిగేది మూడు భాగాల తెర. రికార్డులో ఎడమ పేజీన ఫ్రేమ్‌సెట్ కోడ్, కుడి పేజీన హెడర్, నావ్, మెయిన్ ట్యాగులతో అదే తెర రాయించండి. సీఎస్‌ఎస్‌లో డిస్‌ప్లే గ్రిడ్, నిలువు వరసలు 200 పిక్సెళ్లు, 1 ఎఫ్‌ఆర్ (అంటే మిగిలిన వెడల్పంతా); హెడర్‌కి గ్రిడ్ కాలమ్ 1 నుంచి -1 వరకు. అంతే. ఫ్రేములు ఎందుకు పోయాయో వైవాలో అడగండి: కేటలాగ్ తెరిచి అడ్రస్ బార్‌లోని లింకు స్నేహితుడికి పంపితే వాడికి హోమ్ పేజీ వస్తుంది. సెర్చ్‌లోంచి వచ్చినవాడికి మెనూ లేని కుడి ఫ్రేము ఒక్కటే దొరుకుతుంది. ఇక గ్రిడ్ కొత్తదని వెనకాడొద్దు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడింటిలోకీ 2017 మార్చిలోనే వచ్చింది. దాన్ని పాత రూపంలో మాత్రమే అర్థం చేసుకునే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 డెస్క్‌టాప్ యాప్‌కి మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న సెలవు చెప్పేసింది.

బాక్స్ మోడల్ బోర్డు మీద లెక్కగా చెప్పండి. విడ్త్ 300, ప్యాడింగ్ రెండు వైపులా 20, బోర్డర్ రెండు వైపులా 1. పెట్టె నిజంగా ఆక్రమించేది 342. బాక్స్ సైజింగ్ బోర్డర్ బాక్స్ అంటే 300కి 300. విడ్త్ 100 శాతం పెట్టిన టెక్స్ట్ బాక్సు ఫోన్‌లో పక్కకి పొడుచుకురావడానికి కారణం చాలాసార్లు ఇదే.

ఇక రిజిస్ట్రేషన్ ఫారం. ఈ ల్యాబ్ మొత్తంలో ఎక్కువ పాఠం ఉన్నది దీంట్లోనే. రెండు వారాలు ఇవ్వండి. టేబుల్ గళ్లలో పేరు, పక్క గడిలో ఇన్‌పుట్ అని రాస్తారు. అలా రాస్తే ఆ రెండింటికీ సంబంధం ఉందని బ్రౌజర్‌కి తెలియదు. లేబుల్ ట్యాగులో ఫర్, ఇన్‌పుట్‌లో ఐడీ, రెండూ ఒకే మాట ఉండాలి. పరీక్ష చిన్నది: ‘పేరు’ అన్న మాట మీద క్లిక్ చేస్తే కర్సర్ పెట్టెలోకి దూకాలి. ప్లేస్‌హోల్డర్ లేబుల్‌కి బదులు కాదు, టైపు చేయగానే మాయమైపోతుంది. ఫోన్ నంబరుకి టైప్ నంబర్ పెట్టనివ్వొద్దు: పక్కన బాణాలు వస్తాయి, మౌస్ చక్రం తిరిగితే అంకె మారిపోవచ్చు. టైప్ టెల్, ప్యాటర్న్‌లో 10 అంకెలు చాలు.

కన్సోల్_కాపరి

రియాక్ట్ ఈ 12 వారాల్లో వద్దు మేడమ్. అందులోనూ చివరికి తయారయ్యేది హెచ్‌టీఎంఎల్లే. బటన్ ట్యాగ్ తెలియనివాళ్లు రియాక్ట్‌లో కూడా డివ్‌కి ఆన్‌క్లిక్ తగిలిస్తారు.

ఫ్రెషర్ల కోడ్‌లో తరచూ కనబడేవి చెబుతాను. రెడీమేడ్ సీఎస్‌ఎస్ అయిన బూట్‌స్ట్రాప్‌లో కోల్-ఎండీ-6 తెలుసు, దాని కింద ఉన్నది సీఎస్‌ఎస్‌లోని ఫ్లెక్స్‌బాక్స్ అని తెలియదు. అక్షరాలు చిన్నవిగా కావాలని హెచ్4 వాడతారు. వ్యూపోర్ట్ మెటా ట్యాగు మరిచిపోతారు, దాంతో ఫోన్ ఆ పేజీని 980 పిక్సెళ్ల వెడల్పున్నట్టు లెక్కేసి కుదించి చూపిస్తుంది. ఆ పైన వాళ్లు ఎన్ని మీడియా క్వెరీలు (తెర వెడల్పుని బట్టి మారే స్టైల్ నియమాలు) రాసినా వృథా. బటన్ నొక్కినప్పుడు డాక్యుమెంట్.రైట్ పిలిస్తే పేజీ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. రికార్డుల్లో మాత్రం అన్ని జావాస్క్రిప్ట్ ప్రయోగాలకీ అదే దిక్కు. అన్నట్టు, డబ్ల్యూ3స్కూల్స్‌కీ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీకీ ఏ చుట్టరికమూ లేదు. హెచ్‌టీఎంఎల్ ప్రమాణాన్ని 2019 ఒప్పందం నుంచి నడుపుతున్నది బ్రౌజర్ కంపెనీల బృందం వాట్‌డబ్ల్యూజీ. పాఠ్యపుస్తకంలో ఏముందో చూసి చెప్పండి.

తెరచదువరి

పంతులుగారు ఫారం దగ్గర ఆపేశారు, అసలు తమాషా వ్యాలిడేషన్ ప్రయోగంలో ఉంది. ‘పేరులో ఇంగ్లిష్ అక్షరాలే ఉండాలి, 6కి తగ్గకూడదు’ అని కదా పట్టికలో. ఆ నియమానికి రవి, సీత ఇద్దరూ ఫెయిల్. ఇంగ్లిష్ అక్షరాల షరతు తీసేసి తెలుగులో కొట్టనివ్వండి: లక్ష్మి పాస్ అవుతుంది! కంటికి కనబడేది రెండక్షరాలే. జావాస్క్రిప్ట్ లెంగ్త్ మాత్రం 7 అంటుంది: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. మ్యాక్స్‌లెంగ్త్ కూడా ఇదే లెక్కన కోస్తుంది. పిల్లలకి యూనికోడ్ అర్థం కావడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు.

కాలేజీ పేజీ తెలుగులో చేయిస్తే ఇంకొన్ని బయటపడతాయి. పాత నోట్‌ప్యాడ్‌లో ఏఎన్‌ఎస్‌ఐగా సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది, ఆ ఫైల్‌లోంచి ఇక తిరిగి రాదు. సేవ్ చేసేటప్పుడే యూటీఎఫ్-8 ఎంచుకోవాలి, మెటా చార్‌సెట్ ఫైల్ మొదటి 1024 బైట్లలోపే ఉండాలి. డీటీపీ సెంటర్ నుంచి అను ఫాంట్లలో వచ్చిన మేటర్ యూనికోడ్ కాదు, ముందు మార్చుకోవాలి. ‘రాష్ట్రం’ లాంటి మాటల్లో వత్తుల కింద వత్తులుంటాయి. లైన్ హైట్ 1.2 పెట్టి పెట్టెకి ఓవర్‌ఫ్లో హిడెన్ ఇస్తే అవి తెగిపోతాయి, 1.6 నుంచి 1.8 మధ్య పెట్టండి. హెచ్‌టీఎంఎల్ ట్యాగులో లాంగ్ ‘టీఈ’ ఉంటే ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్ (తెరమీది మాటలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) తెలుగు గొంతు ఉంటే దానికి మారుతుంది. ఎన్‌వీడీఏ ఉచితం, ల్యాబ్‌లో ఒక సిస్టమ్‌లో వేసి హెడ్‌ఫోన్స్ పెట్టించండి. పిల్లలు ‘ఇమేజ్1’ అని రాసిన ఆల్ట్ (బొమ్మకి బదులు చదివే మాట) ఒకసారి చెవిన పడితే మళ్లీ అలా రాయరు.

రంగులకి కొలత ఉంది: మామూలు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య కాంట్రాస్ట్ 4.5:1 ఉండాలి. తెలుపు మీద #999 బూడిదరంగు 2.85 దగ్గరే ఆగిపోతుంది, #767676 అయితే 4.54తో గట్టెక్కుతుంది.

ల్యాబ్_మేడమ్

చాలా పనికొచ్చే విషయాలు చెప్పారు, అందరికీ థ్యాంక్స్. రెండు సందేహాలు. పరీక్ష రోజు ల్యాబ్‌లో నెట్ తీసేస్తారు, అప్పుడు వ్యాలిడేటర్ ఎలా? మార్కులు ఎలా పంచమంటారు?

పిక్సెల్_పంతులు

నెట్ అక్కర్లేదు. డబ్ల్యూ3సీ సైట్‌లో నడిచే ఆ చెకర్‌నే వీఎన్‌యూ.జార్ అని ఒక ఫైల్‌గా ఇస్తున్నారు. సర్వ్‌లెట్ల (సర్వర్ మీద నడిచే జావా ప్రోగ్రాంల) కోసం సిస్టమ్స్‌లో జావా ఎలాగూ ఉంటుంది. ముందురోజే అన్నింట్లోకీ కాపీ చేయించి, జావా వెర్షన్ దానికి సరిపోతోందో లేదో ఒక సిస్టమ్‌లో నడిపి చూడండి. మామూలు జార్‌ని నడిపినట్టే కమాండ్ ఇచ్చి చివర ఫైల్ పేరు ఇస్తే, తప్పు ఏ లైనులో ఉందో చెబుతుంది. తప్పేమీ లేకపోతే ఏమీ చెప్పదు, పిల్లలు అది పనిచేయలేదనుకుంటారు. జేఎస్‌పీ, పీహెచ్‌పీ ఫైళ్లు నేరుగా ఇవ్వొద్దు. టామ్‌క్యాట్ లాంటి సర్వర్‌లో నడిపి, బ్రౌజర్‌లో వ్యూ సోర్స్ తీసి, దాన్ని సేవ్ చేసి ఇవ్వాలి.

10 మార్కుల్లో అవుట్‌పుట్‌కి 4. వ్యాలిడేటర్‌లో ఎర్రర్ లేకపోతే 2. డెవ్‌టూల్స్‌లో వెడల్పు 320 పెట్టినా అడ్డం స్క్రోల్ రాకపోతే 2. మౌస్ పక్కన పెట్టేసి ట్యాబ్, ఎంటర్, స్పేస్‌లతోనే ఫారం నింపి పంపగలిగితే 2. వ్యాలిడేటర్ మార్కులనీ ఈ చివరి మార్కులనీ తప్పనిసరిగా వేరుగా ఉంచండి. డివ్‌కి ఆన్‌క్లిక్ పెట్టిన పేజీ వ్యాలిడేటర్‌లో శుభ్రంగా పాసవుతుంది, కానీ ట్యాబ్ ఎన్నిసార్లు నొక్కినా ఆ డివ్ మీద ఆగదు. సీఎస్‌ఎస్‌లో అవుట్‌లైన్ నన్ పెట్టినవాళ్లకైతే ట్యాబ్ ఎక్కడ ఆగిందో కూడా కనబడదు, వాళ్ల వైవా అక్కణ్నుంచే మొదలుపెట్టండి.